వంశవృక్షానికి అడ్డంగా

తెలుగులో 'పాచి' అన్న మాటకి మర్యాద లేదు. పొద్దున్నే కడుక్కోని ముఖం పాచిముఖం. నిన్న మిగిలింది పాచిపోయిన అన్నం. మా కోస్తా వైపు అంట్లు తోమి, ఇల్లు ఊడ్చి, వాకిలి కడిగే పని పాచిపని. ఆ పని చేసే ఆమెకి చాలా ఇళ్లల్లో సొంత పేరు కూడా ఉండదు, 'పాచిపని మనిషి' అంతే. నిలవనీటి మీదా, నూతిగట్టు మీదా, దొడ్లో నీళ్ల తొట్టి అంచునా పచ్చగా జిగటగా పట్టేదీ పాచే. కాలు జారితే తిట్టుకుంటాం, పండగొస్తే గీకి పారేస్తాం.

ఈ చివరి పాచిలో చాలాసార్లు ఉండేది సయనోబాక్టీరియా. పాత పాఠ్యపుస్తకాల్లో వీటి పేరు నీలి ఆకుపచ్చ శైవలాలు. నిజానికి శైవలాలు కావు, బాక్టీరియాలే. కానీ ఆకుల్లాగా ఎండనుంచి ఆహారం చేసుకుంటాయి. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి చుట్టూ ఉన్న గాలిలో ఆక్సిజన్ పోగవడం వీటి చలవే. ఇవాళ మొక్కల ఆకుల్లో ఉన్న హరితరేణువులు కూడా ఎప్పుడో మరో కణంలోకి చేరి అక్కడే ఉండిపోయిన సయనోబాక్టీరియా సంతతే. ఆ మాటని గట్టిగా వాదిస్తూ లిన్ మార్గులిస్ 1967లో అచ్చువేసిన వ్యాసాన్ని అంతకుముందు పదిహేను పత్రికల దాకా తిప్పిపంపాయని ఆవిడే చెప్పుకుంది. అంటే మనం పీల్చే గాలి పాచి చేసిన పని. నేను ఈ వాక్యం రాస్తే నా స్నేహితురాలు చదివి, "మొదలెట్టావా నీ సాహిత్యం!" అంది.

ఆ స్నేహితురాలి వల్లే ఈ వ్యాసం. తను మైక్రోబయాలజీలో పరిశోధన చేసింది, ఇప్పుడు డిగ్రీ విద్యార్థులకి పాఠాలు చెబుతుంది. నాది తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ, స్త్రీల కథల మీద. తెలుగు మీడియం వాళ్ల కోసం సయనోబాక్టీరియాలో 'చోటు మారే జన్యు మూలకాలు' అనే పాఠం రాయాల్సివచ్చి, భాష చూసిపెట్టమని నన్నడిగింది. పేజీకింతని ఇచ్చారు, కాదనను. అయితే ఇరవై పేజీల పాఠానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో సగం కాలం మేమిద్దరం ఒక్కొక్క మాట దగ్గర దెబ్బలాడుకుంటూ కూచున్నాం. శాస్త్రం చదువుకున్నవాళ్లకి ఇవి చిన్న విషయాలుగా కనిపించవచ్చు. మాటలతో బతికేవాళ్లకి కాదు.

ముందు విషయం. డీఎన్‌ఏలో ప్రతి జన్యువుకీ ఒక చోటు ఉంటుందనీ, తల్లి కణంనుంచి పిల్ల కణానికి అదే వరసలో అందుతుందనీ మనం స్కూల్లో చదువుకున్నాం. అందులో కొన్ని ముక్కలు మాత్రం ఉన్నచోట ఉండవు. తమని తాము కత్తిరించుకునో, నకలు తీసుకునో మరోచోట అతుక్కుంటాయి. కొన్ని ఒక కణంలోనే తిరుగుతాయి. కొన్ని వైరస్ వెంటనో, ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం వెంటనో వేరే కణంలోకి, ఒక్కోసారి వేరే జాతిలోకి కూడా పోతాయి. వీటిని మొదట కనిపెట్టింది సయనోబాక్టీరియాలో కాదు, మొక్కజొన్నలో. కనిపెట్టింది బార్బరా మెక్‌క్లింటాక్.

ఈ పేరు ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి తెలిసే ఉంటుంది. పరిశోధన చేసే రోజుల్లో ఎవెలిన్ ఫాక్స్ కెల్లర్ రాసిన ఆవిడ జీవితచరిత్రని నేను జెరాక్స్ కాపీలో చదివాను, అప్పటికే పది చేతులు మారిన కాపీ. మెక్‌క్లింటాక్ 1902లో పుట్టింది. కాలేజీకి పంపితే పిల్లకి పెళ్లికాదని తల్లి భయపడింది. 1940లలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఏటేటా తనే మొక్కజొన్న వేసి, గింజల మీద మచ్చలెందుకు అలా పడుతున్నాయో ఏళ్లతరబడి చూసింది. జన్యువులు చోటు మారతాయనీ, అలా మారుతూ పక్క జన్యువులని అదుపు చేస్తాయనీ తేల్చి, 1951లో అక్కడి సదస్సులో చెప్పింది. నోబెల్ 1983లో వచ్చింది, 81 ఏళ్ల వయసులో, ఎవరితోనూ పంచుకోకుండా. కెల్లర్ పుస్తకమూ ఆ ఏడాదే వచ్చింది. నమ్మనివాళ్ల మధ్య ఒంటరిగా నిలబడి, చివరికి గెలిచిన స్త్రీ. మాకు ఇంకేం కావాలి! సెమినార్లలో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు.

2001లో నథానియల్ కంఫర్ట్ అనే చరిత్రకారుడు ఆ కథని తిరగతోడాడు. జన్యువులు చోటు మారతాయన్న మాటని తోటివాళ్లు అంతగా కాదనలేదని అతని వాదన. వాళ్లు ఒప్పుకోనిది రెండో సగాన్ని. ఆ చోటుమార్పిడే జీవి ఎదుగుదలని నడిపిస్తుందన్న ఆవిడ సిద్ధాంతాన్ని. ఆవిడకి ముఖ్యమైందీ అదే. 'అదుపు చేసే మూలకాలు' అని పేరు పెట్టుకుంది కూడా. నోబెల్ ఇచ్చింది మాత్రం మొదటి సగానికి. ఇది తెలిశాక మా వర్గంలో కొందరికి కోపం వచ్చింది, మన కథానాయికని మనకి కాకుండా చేస్తున్నారని. నాకు అలా అనిపించలేదు. ఎవరూ వినలేదనడం కన్నా, విన్నారు కానీ తమకి కావలసింది మాత్రమే విన్నారనడం నాకు తెలిసిన ఆడవాళ్ల అనుభవానికి మరింత దగ్గరగా ఉంది. మన సమీక్షల్లో ఎన్ని కథలకి అలా జరగలేదు? పైగా కెల్లర్ కూడా మెక్‌క్లింటాక్‌ని స్త్రీవాద శాస్త్రవేత్త అని ఎక్కడా అనలేదు. అలా చదువుకున్నది మనం.

మెక్‌క్లింటాక్ పెట్టిన పేరు నిలబడలేదు. 1980లో ఒకే సంచికలో వచ్చిన రెండు వ్యాసాలు ఇలాంటి ముక్కలని 'స్వార్థ డీఎన్‌ఏ' అన్నాయి. వీటిలో ఒకదాన్ని రాసిన ఇద్దరిలో ఒకడు ఫ్రాన్సిస్ క్రిక్. జీవికి పనికొచ్చేదేదీ చేయకుండా తమ నకళ్లు పెంచుకోవడమే వీటి పని అని. ఇంకొంతమంది చెత్త అన్నారు, పరాన్నజీవులన్నారు. అదుపు చేసేది కాస్తా ఇరవై ముప్ఫై ఏళ్లలో తేరగా తినేదయింది. దీని వెనక నిజమైన శాస్త్రవాదం ఉంది, కాదనడం లేదు. కానీ తెలుగులోకి దించేటప్పుడు ఆ మాటలు ఎంత బరువెక్కుతాయో చూడండి.

'హోస్ట్' అన్న దానికి మన జీవశాస్త్ర పుస్తకాల్లో 'అతిథేయి' అని ఉంది. ఆతిథ్యం ఇచ్చేవాడు ఆతిథేయుడైతే, ఇచ్చే ఆమె ఆతిథేయి. ఎవరు ఎప్పుడు ఏ ఉద్దేశంతో పెట్టారో గానీ, పిలవని చుట్టం వచ్చి తిష్ఠవేసిన ఇల్లు స్త్రీ అయి కూచుంది. ఎవరొచ్చినా విస్తరి వెయ్యాల్సింది ఆవిడేగా! నేను మార్చుదామన్నాను. "పరీక్షలో పిల్లలకి మార్కులు పోతాయే, వదిలెయ్" అంది నా స్నేహితురాలు. వదిలేశాను. 'సహజీవనం' దగ్గరా అంతే. జీవశాస్త్రంలో అది రెండు జీవులు కలిసి బతకడం. క్లాసులో ఆ మాట అనగానే వెనక బెంచీల్లో నవ్వులట.

'మొబైల్' అన్న మాటకి మొదట 'సంచార' అనుకున్నాం. సంచార జన్యువులు... బానే ఉంది. కానీ సంచార జాతులన్న మాటకి మన ప్రాంతంలో ఎంత చరిత్ర ఉంది! నేరస్త జాతుల చట్టం దగ్గర్నుంచీ తిరిగేవాళ్ల మీద మోపిన అనుమానమంతా ఆ మాటకి అంటుకుని ఉంది. పైగా పక్క పేరాలోనే 'పరాన్నజీవి' అని రాయాలి. ఆ రెండు మాటలూ ఒకే పేజీలో పక్కపక్కన చదివే పిల్లల్లో సంచార జాతుల ఇళ్లనుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. 'గెంతే జన్యువులు' తేలికైపోయింది. చివరికి 'చోటు మారే' అన్నదే ఉంచాం. అందం లేదు, అబద్ధమూ లేదు.

'చోటు మారే' అని రాసుకున్న రోజే ఇంకో పోలిక నోటి చివరిదాకా వచ్చింది. ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్ల, ఈడ పిల్ల కాదని మన పెద్దవాళ్ల చమత్కారం. పుట్టినచోటు కత్తిరించుకుని మరో ఇంట్లో అతుక్కునేది, అక్కడ ఇంటిపేరు మారేది, మారినా చాలాకాలం పరాయిదిగానే ఉండేది. ఇంతకన్నా అచ్చమైన పోలిక దొరుకుతుందా? దొరకదు. అందుకే వద్దనుకున్నాను. మనుషులు ఏర్పాటు చేసుకున్న పద్ధతికి బాక్టీరియానుంచి సాక్ష్యం తెస్తే, రేపు ఇంకెవరో అదే బాక్టీరియాని చూపించి ఇదంతా ప్రకృతి సహజం అంటారు. మన తరఫున వాడుకున్న ప్రకృతి ఎప్పుడూ మన తరఫునే ఉంటుందని హామీ ఏమీ లేదు.

అయినా ఒక పోలిక నన్ను వదల్లేదు. అది అనబీనా దగ్గర వచ్చింది.

అనబీనా అనేది పూసలదండలాంటి సయనోబాక్టీరియం. ఒకదాని పక్కన ఒకటిగా కణాలు వరసగా ఉంటాయి. వరిపొలాల్లో ఎరువు వెయ్యకపోయినా నేలలో నత్రజని ఎలా మిగిలి ఉంటోందన్న ప్రశ్నకి, నీలి ఆకుపచ్చ శైవలాల పనే అని 1939లో పి.కె. డే చూపించింది ఇలాంటి వాటి గురించే. గాలిలో నత్రజనికి కొరత లేదు, కానీ దాన్ని ఆహారంగా మార్చే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది. ఎండలో ఆహారం చేసుకునే కణం ఆక్సిజన్ వదులుతుంది. రెండు పనులూ ఒకే కణంలో పొసగవు. అందుకని నత్రజని కరువొచ్చినప్పుడు, దండలో పదీ ఇరవై కణాలకొకటి చొప్పున మారిపోతుంది. చుట్టూ మందమైన గోడ కట్టుకుంటుంది. ఆక్సిజన్ చేసే పని ఆపేస్తుంది. నత్రజని పట్టి పక్క కణాలకి ఇస్తుంది, వాటి దగ్గర చక్కెర తీసుకుంటుంది. ఇక ఎప్పటికీ విభజన చెందదు. దాన్ని హెటిరోసిస్ట్ అంటారు.

ఇక్కడికి చోటు మారే ముక్క వస్తుంది. 1985లో గోల్డెన్, రాబిన్సన్, హేసెల్‌కార్న్ అనే ముగ్గురు ఒక విచిత్రం బయటపెట్టారు. మామూలు కణాల్లో, నత్రజని పట్టే ఎంజైముకి అవసరమైన ఒక జన్యువు మధ్యలో 11 వేల అక్షరాల పొడవున్న పరాయి ముక్క దూరి ఉంది. వాక్యం మధ్యలో వేరే పుస్తకంలోని పేజీలు కుట్టేసినట్టు. ఆ జన్యువు చదవడానికి రాదు. కణం హెటిరోసిస్ట్‌గా మారేటప్పుడు మాత్రం ఆ ముక్క తనని తాను కత్తిరించుకుని వలయంగా విడివడుతుంది. తెగిన రెండు కొసలూ అక్షరం పొల్లుపోకుండా కలుస్తాయి. వాక్యం పూర్తవుతుంది. కత్తిరించే ఎంజైముకి సంబంధించిన జన్యువు ఆ ముక్కలోనే ఉంటుంది, కత్తెర వెంట తెచ్చుకున్నట్టు. ఆ కత్తెరని పాడుచేసి చూస్తే, హెటిరోసిస్ట్ ఏర్పడింది గానీ నత్రజని పట్టలేకపోయింది. ఇలాంటివి అనబీనాలో ఇంకో రెండున్నాయి, ఒకటి 55 వేల అక్షరాల పైచిలుకు.

ఈ పాఠం తెలుగులో రాసి, పైకి చదువుకున్నాను. "అది తనలో అడ్డుపడ్డదాన్ని తొలగించుకుంది. గోడ కట్టుకుంది. పొరుగు కణాలకి తిండి పెట్టింది. తను మాత్రం పిల్ల కణాలని ఇవ్వలేదు." ఇంగ్లీషులో ఇది కణం. తెలుగులో ఆడది అయిపోయింది! మన వ్యాకరణంలో ఆడవాళ్లకీ, పశువులకీ, రాయికీ ఒకే క్రియ: వచ్చింది, పెట్టింది, పోయింది. మగవాడికి ఒక్కడికే వేరే. ఈ అన్యాయం గురించి స్త్రీవాదులు చాలాసార్లు మాట్లాడుకున్నదే. అది ఇలా తిరగబడుతుందని మాత్రం నేనెప్పుడూ ఊహించలేదు. తెలుగులో ఏ కణం గురించి రాసినా స్త్రీ కథలాగే వినబడుతుంది.

నాకు వినబడింది మా పెద్దత్తయ్య కథ. మా నాన్నకి అక్క. వాళ్ల నాన్న పోయేటప్పటికి ఆవిడకి పద్దెనిమిది. 1965లో టీచరు ఉద్యోగంలో చేరింది. ముగ్గురు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. అందరి చదువులూ పెళ్లిళ్లూ ఆవిడ జీతంలోంచే. పెళ్లి చేసుకోలేదు. 2004లో రిటైరయింది. తెనాలిలో తన ఇంట్లో తనే ఉంటుంది. ఎనభయ్యో పుట్టినరోజుకి మావాళ్లంతా కలిసి చిన్న పుస్తకం వేస్తున్నారు. పేరు అప్పటికే పెట్టేశారు: 'త్యాగమయి'. ముందుమాట నేను రాయాలట, ఇంట్లో తెలుగు డాక్టరుని నేనే కాబట్టి. బల్ల మీద ఒకవైపు ఆ పుస్తకం కాగితాలు, మరోవైపు హెటిరోసిస్ట్. ఎవరికి మాత్రం చెయ్యి ఆగుతుంది?

నా స్నేహితురాలికి చెప్తే మండిపడింది. "దానికి త్యాగమేంటే! దండంతా ఒకే కణంనుంచి వచ్చిన నకళ్లే. పక్క కణం పిల్లలు కూడా దీని జన్యువులే. ఆ 11 వేల అక్షరాల ముక్కకీ నష్టమేం లేదు. హెటిరోసిస్ట్ ఎలాగూ పిల్లల్ని కనదు, అందులోంచి బయటికొచ్చినా పక్క కణాల్లో దాని నకళ్లు భద్రంగా ఉన్నాయి. అందుకే ఇన్నేళ్లు బతికింది. ఎవరికీ ఏదీ పోలేదక్కడ." ఇంకో సంగతీ చెప్పింది. ఆ ముక్కని పూర్తిగా తీసేసిన అనబీనాని ప్రయోగశాలలో తయారుచేస్తే, అది మామూలుగా పెరిగింది, మామూలుగా నత్రజని పట్టింది. అంటే ఆ ముక్క లేకపోయినా నడుస్తుంది. దానికి మెక్‌క్లింటాక్ అన్నట్టు అదుపు చేసే గొప్పదనమూ అంటగట్టలేం, కణాన్ని నాశనం చేసే దుర్మార్గమూ అంటగట్టలేం. సరైన వేళకి అడ్డు తప్పుకోవడం అబ్బింది కాబట్టి ఉండిపోయింది.

నేను తెనాలి వెళ్లినప్పుడు పెద్దత్తయ్యకి ఈ కణం గురించి చెప్పాను. ఆవిడకి సైన్సంటే ఇష్టం, ఐదో తరగతి పిల్లలకి బీన్స్ గింజలు తడిబట్టలో మొలకెత్తించి చూపించేది. శ్రద్ధగా వింది. "చక్కెర ఇస్తాయన్నావుగా పక్కవి? మరైతే ఊరికే పెట్టడమేం కాదుగా" అంది. తర్వాత పుస్తకం పేరు ఎత్తాను. కాసేపు మాట్లాడలేదు.

"నాకు పెళ్లి వద్దే అమ్మాయ్. ముందునుంచీ వద్దు. ఎందుకంటే ఏం చెప్పను? వద్దంతే. ఆ రోజుల్లో ఆ మాట అంటే పిచ్చిదనుకునేవాళ్లు, లేకపోతే ఏదో ఉందనుకునేవాళ్లు. తమ్ముళ్ల చదువులన్నాను. నోరు మూసుకున్నారు. తర్వాత వాళ్లే అక్కయ్య మా కోసం మానేసింది అని మొదలుపెట్టారు. అననిచ్చాను. నాకు హాయిగా ఉండేది, ఎవరూ మళ్లీ అడక్కుండా."

"మరి వాళ్లని చదివించావుగా అత్తా?"

"చదివించాను. అది నిజమేగా. ఉద్యోగం చెయ్యడం నాకిష్టం. జీతం తెచ్చి నేను పెట్టడమూ ఇష్టమే, మీ తాతయ్య ఉండగా ఆ ఇంట్లో ఆడది ఒక్క రూపాయి ఖర్చుపెట్టి ఎరగదు. దానికి వేరే పేరెందుకు?"

ఇరవై ఏళ్లుగా స్త్రీల కథల్లో త్యాగం అనే విలువని విమర్శిస్తూ వచ్చిన మనం, ఆ మాట వెనక ఎంతమంది ఇలా దాక్కుని ఉంటారో ఎప్పుడైనా లెక్కేశామా అనిపించింది. పితృస్వామ్యం కట్టిన గోడ అని మనం చదివిన చోట లోపలనుంచి గడియ వేసుకున్నవాళ్లుంటే? మెక్‌క్లింటాక్ కూడా పెళ్లి చేసుకోలేదు. దాని అవసరం తనకెప్పుడూ కలగలేదన్న అర్థంలో కెల్లర్‌తో మాట్లాడింది. ఆవిడది కూడా శాస్త్రం కోసం త్యాగం అనే రాశారు చాలామంది. ఇష్టం లేకపోవడం అనేంత చిన్న కారణాన్ని ఆడవాళ్ల విషయంలో ఎవరూ నమ్మరు.

ముందుమాట రాశాను. 'త్యాగమయి' అన్న పేరు గురించి మా బాబాయిలతో గొడవ ఇంకా నడుస్తోంది. వాళ్లకి ఆ మాట తీసేస్తే తాము తీసుకున్నదానికి లెక్క చెప్పాల్సి వస్తుందని భయమేమోనని నా అనుమానం. పెద్దత్తయ్య మాత్రం "ఏదో ఒకటి వేసుకోండర్రా" అంటోంది.

పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం సముద్రానిది. ప్రోక్లోరోకాకస్ అనే సయనోబాక్టీరియం ఉంది. ఎండతో ఆహారం చేసుకునే జీవుల్లో ఇంతకన్నా చిన్నది లేదు, సముద్రంలో ఇంతకన్నా ఎక్కువగా ఉన్నదీ లేదు. అయినా 1980ల దాకా దాని ఉనికే ఎవరికీ తెలియదు. శాలీ చిజమ్, ఆమె తోటి పరిశోధకులు 1988లో దాని గురించి ప్రకటించారు. చిజమ్ ఆ తర్వాత తన జీవితమంతా ఆ ఒక్క ప్రాణి చుట్టూనే పనిచేసింది, పిల్లల కోసం బొమ్మల పుస్తకాలూ రాసింది.

ఈ కణాలకి వైరస్‌లు సోకుతాయి. 2003లోనూ 2004లోనూ బయటపడిన సంగతి ఏమిటంటే, సముద్రపు సయనోబాక్టీరియాకి సోకే ఆ వైరస్‌లు కిరణజన్య సంయోగక్రియకి కావలసిన జన్యువులని తమ వెంట మోసుకుతిరుగుతున్నాయి. ఎండదెబ్బకి త్వరగా అరిగిపోయే ఒక ప్రొటీను ఉంది. దాన్ని తయారుచేసే జన్యువు వైరస్ దగ్గర సొంతానికి ఉంటుంది. దోచుకున్నంతసేపూ ఇంట్లో దీపం ఆరిపోకుండా దొంగే నూనె తెచ్చుకున్నట్టు! ఆ జన్యువు ఎప్పుడో ఒకప్పుడు సయనోబాక్టీరియానుంచి పోయిందే. కణాలకీ వైరస్‌లకీ మధ్య అటూఇటూ చేతులు మారుతూ కొంత కొంత మారుతూ ఉంది. సముద్రంలో ఎండని తినే పనిలో కొంత, ఈ పూట, వైరస్‌ల జన్యువులతోనే జరుగుతోంది.

2023లో చిజమ్ ప్రయోగశాలనుంచి మరో వార్త. ప్రోక్లోరోకాకస్‌లో కణానికీ కణానికీ జన్యువుల జాబితా తేడాగా ఉంటుంది. ఒకదాని దగ్గర లేనిది మరోదాని దగ్గర ఉంటుంది. అంత చిన్న కణాలు, అంత పల్చటి నీళ్లలో, ఎలా ఇచ్చిపుచ్చుకుంటున్నాయో చాలాకాలం అర్థం కాలేదు. టైకెపోజాన్లు అనే కొత్తరకం చోటు మారే మూలకాలు దొరికాయి. నత్రజనిలాంటి పోషకాలని పట్టుకునే జన్యువులని మూటగట్టుకుని తిరుగుతాయి. కణం బుడగల్లాగా బయటికి వదిలే చిన్న తిత్తుల్లోనూ, వైరస్ కవచంలాంటి వాటిలోనూ ఇవి సముద్రపు నీళ్లలో కనిపించాయి. గ్రీకుల అదృష్టదేవత, సముద్రుడి కూతురు టైకీ పేరు పెట్టారు.

ఇంగ్లీషులో ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని తల్లినుంచి పిల్లకి వచ్చే 'నిలువు' వారసత్వానికి ఎదురుగా 'అడ్డ' బదిలీ అంటారు. మన భాషలో నిలువుకున్న గౌరవం అడ్డానికి లేదు. నిలువెత్తు మనిషి, నిలువెల్లా నిజాయితీ. అడ్డమైతే మాత్రం అడ్డదారి, అడ్డగోలు, అడ్డం తిరగడం, అడ్డంగా సంపాదించడం! నిలువుగా వచ్చేదే వంశం. పేరు, గోత్రం, పొలం, కులం అన్నీ నిలువుగా రావాలి. వంశవృక్షం బొమ్మలో కొమ్మలు విడిపోతాయే తప్ప మళ్లీ ఎక్కడా కలవవు. ఆ నిలువుగీత చెడకుండా కాపలా కాయడానికే కదా ఆడవాళ్ల మీద ఇన్ని కట్టుబాట్లు, పరువు పేరుతో ఇన్ని హత్యలు! బాక్టీరియా లోకంలో మాత్రం ఈ బొమ్మ నిలబడదు. కొమ్మకీ కొమ్మకీ మధ్య అడ్డంగా ఇన్ని తీగలల్లుకున్నాయి. నేను ముందే అన్నాను, బాక్టీరియానుంచి మనకి సాక్ష్యం వద్దని. ఇక్కడా ఆ మాటకే కట్టుబడతాను. కులం తప్పని చెప్పడానికి ప్రోక్లోరోకాకస్ అక్కర్లేదు. కానీ 'ప్రకృతి ధర్మం' అంటూ వంశశుద్ధి గురించి ఉపన్యాసమిచ్చే పెద్దమనిషి ఎదురైతే, ఆయన చెప్పే ప్రకృతి ఎక్కడుందో అడగొచ్చు.

2019లో వచ్చిన ఒక పరిశోధన గురించి ఒక పేరా రాసి పాఠంలో కలిపాం. వైరస్‌లనుంచి కాపాడుకోవడానికి బాక్టీరియాలకి క్రిస్పర్ అనే రక్షణ పద్ధతి ఉంది, 2020 నోబెల్ వల్ల ఆ పేరు అందరికీ తెలిసింది. సైటోనీమా అనే సయనోబాక్టీరియంలో చోటు మారే ఒక మూలకం ఆ రక్షణ సామగ్రినే కొంత తీసుకుని, తను ఎక్కడ దిగాలో గుర్తుపట్టడానికి వాడుకుంటోంది. కాపలావాడి లాంతరు పట్టుకుని దొంగ దారి వెతుక్కోవడం లాంటిది. ఇప్పుడు ప్రయోగశాలల్లో, అనుకున్నచోట జన్యువుని చేర్చడానికి దాన్నే పనిముట్టుగా మలుస్తున్నారు. మరోసారి దొంగ అన్నాను చూడండి. నాలుగు నెలలు వెతికినా ఆ మాటల్లోంచి పూర్తిగా బయటపడలేకపోయాను.

చివరి భాగం అజొల్లా. మన రెండు రాష్ట్రాల్లోనూ పాడి ఉన్న ఇళ్లల్లో ఇది తెలుసు. పెరట్లో గుంత తీసి, పట్టా పరిచి, నీళ్లు పోసి పెంచుతారు, గేదెలకి దాణాలో కలిపి పెడతారు. పొలంలో వేస్తే ఎరువు. ఆ గుంత చూసుకునేది చాలా ఇళ్లల్లో ఆడవాళ్లే. ఆ చిన్న మొక్క ఆకు లోపలి అరల్లో ఒక సయనోబాక్టీరియం ఉంటుంది, అనబీనాకి దగ్గరి బంధువు. అది బయట బతకదు. అజొల్లా కొత్త తరానికి వెళ్లేటప్పుడు ఆడ సిద్ధబీజం వెంటే అదీ వెళుతుంది. తల్లితో పాటే తిండిపెట్టేదీ సాగనంపబడుతుందన్నమాట. 2010లో దాని జీనోమ్ చదివారు. జన్యువుల్లో దాదాపు మూడోవంతు పనిచేయడం మానేసి ఉన్నాయి, కణం తన డీఎన్‌ఏకి తానే నకలు మొదలుపెట్టడానికి కావలసిన జన్యువుతో సహా. చోటు మారే మూలకాలు మాత్రం ఎక్కడపడితే అక్కడ పేరుకుపోయి ఉన్నాయి. నత్రజని పట్టే జన్యువులు ఒక్కటీ చెడలేదు.

పనిచేయడం మానేసిన జన్యువుకి పుస్తకాల్లో 'మిథ్యాజన్యువు' అని ఉంది. నాకు నచ్చలేదు. మిథ్య అంటే లేనిదాన్ని ఉందనుకోవడం. ఇది ఒకప్పుడు నిజంగా ఉంది, పనిచేసింది. ఇప్పటికీ దాని అక్షరాలు చాలావరకు అక్కడే ఉన్నాయి, చదివేవాళ్లే లేరు. 'పాడుపడ్డ జన్యువు' అని రాశాను. మనుషులు వెళ్లిపోయిన ఇంటిని పాడుపడ్డ ఇల్లు అంటాంగా. నా స్నేహితురాలు పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి పంపించింది. ప్రూఫులు ఇంకా రాలేదు.